కాగితం చుట్టిన రాగి

మొన్న మా పొలంలో మోటారు కాలిపోతే విప్పించి, ఆటోలో వేసుకుని అడ్డరోడ్డుకు తీసుకెళ్లాను. బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో కాలువ దాటాక వచ్చే చిన్న కూడలి అది. ఒక టీ హోటలు, ఎరువుల దుకాణం, పంక్చరు షాపు, వాటి పక్కన పంపుసెట్లు బిగించే మేస్త్రీ షెడ్డు. మేస్త్రీ మోటారు దించుకుని మూత విప్పాడు. లోపల మాడిపోయిన తీగల్ని వేలితో కదుపుతూ, "వైండింగక్క పోయింది సారూ. మీకు ఎరికనే కావచ్చు" అన్నాడు.

నాకు తెలియదు.

వానలు మొదలైన రోజుల్లోనే పోయిందట. నిజామాబాద్‌లో. కిడ్నీలు పాడయ్యాయట. ఇక్కడి నుంచి నలుగురు వెళ్లి వచ్చారట. చెబుతూనే ఆయన నట్లు విప్పి ఒక గిన్నెలో వేస్తున్నాడు. నేను తల ఊపాను. మోటారు ఎప్పటికి తయారవుతుందో కూడా అడగకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు చెడ్డ మాటతో కలిసి నాలుగూళ్లు తిరిగింది. అందులో నా పాలు ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగక్క షెడ్డు మేస్త్రీ షెడ్డుకు ఆనుకునే ఉండేది. రోడ్డు మీద నుంచే వార్నిష్ వాసన తగిలేది. పొలం పనికి పోయే ఆడవాళ్లలాగా చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. అది చనిపోయిన భర్తది. అతను చెరుకు ఫ్యాక్టరీలో మోటార్ల పని చేసి, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని పని నేర్చుకుంది. అంతకుముందు బీడీలు చుట్టేది. బీడీలు చుట్టిన వేళ్లకు తీగ చుట్టడం కష్టమేమీ కాలేదని చెప్పేది.

తీగ చుట్టేటప్పుడు చుట్లు పైకి లెక్కపెట్టేది కాదు. పెదవులు మాత్రం కదిలేవి. అప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే ఎడమచెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి దిగేదాకా ఎంత పెద్ద మనిషయినా నిలబడి ఉండాల్సిందే. ఒకసారి ఊరి సర్పంచి కూడా అలా నిలబడ్డాడు. చెయ్యి దించి, "ఏం గావాలె పటేలా?" అని ఏమీ జరగనట్టే అడిగింది.

కాలిన మోటారు రాగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. నీళ్లు పోయాయా, బేరింగు పట్టేసిందా, రెండు ఫేజుల మీద నడిపారా అన్నది ఆ వాసనలోనే తెలిసిపోతుందట. రైతు ఎప్పుడూ తన తప్పు ఒప్పుకోడు కదా. కరెంటోళ్ల మీదికి తోసేస్తాడు. ఆమె వాదించేది కాదు. "నాకు అబద్ధం చెప్పొచ్చు బాపూ, కాయిలుకు చెప్పరాదు" అని, మాడిన తీగను కట్ చేసి అతని చేతిలో పెట్టేది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడికి దగ్గర్లోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. కాంట్రాక్టు ఉద్యోగం. మా నాన్న మోటారు చుట్టించడానికి ఇచ్చి, ఆ సాయంత్రం తెచ్చుకోవడానికి వెళ్లాను. ఆమె అప్పటికి చుట్టడం పూర్తి చేసింది. లోపల తిరిగే ఇరుసు ఇంకా పెట్టలేదు. ఖాళీ గొట్టంలాంటి ఆ మోటారు నడుమ ఒక మేకు నిలబెట్టి, దాని మీద సున్నపు డబ్బా మూత బోర్లించింది. అది అల్యూమినియంది. మా వైపు సత్తు అంటాం. తర్వాత మూడు వైర్లు తగిలించి మీట నొక్కింది. మూత గిర్రున తిరిగింది.

"తీగ తాకలే సూడుండ్రి" అంది. నాతో కాదు. ఎప్పుడు ఆ పరీక్ష చేసినా ఆ మాట అనడం ఆమెకు అలవాటట.

ఎమ్మెస్సీ చదివినవాణ్ని కదా, ఊరుకోలేకపోయాను. షెడ్డు రేకు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాను. తీగల్లో పోయే కరెంటు వల్ల అయస్కాంతం ఒకటి లోపల గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటుందనీ, అది తిరుగుతూ సత్తు మూతలో కూడా కరెంటు పుట్టిస్తుందనీ, ఆ కరెంటుకీ అయస్కాంతానికీ మధ్య బలం వల్ల మూత దాని వెంట పరుగెడుతుందనీ. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నది. చివర్లో ఒక్క మాట అడిగింది. మూత ఎప్పుడూ ఆ అయస్కాంతమంత జోరుగా తిరగదనీ, కొంచెం వెనకబడే ఉంటుందనీ తన భర్త చెప్పేవాడట. ఎందుకు వెనకబడుతుంది? ఎందుకు అందుకోదు?

ఏటా పిల్లలకు ఆ పాఠం చెప్పేవాణ్ని. దాని లెక్కలు బోర్డు మీద చేయించేవాణ్ని. కానీ అంత తేలిక మాటల్లో నన్నెవరూ అడగలేదు. వచ్చేవారం చెబుతానన్నాను.

వారం తర్వాత నిజంగానే వెళ్లి చెప్పాను. మూత గనక అయస్కాంతంతో సమానంగా తిరిగితే, మూతకు ఆ అయస్కాంతం కదలనట్టే లెక్క. కదలకపోతే కరెంటు పుట్టదు. కరెంటు లేకపోతే తిప్పే బలమూ ఉండదు. అందుకే ఎప్పుడూ కొంత వెనకే. ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. లోపల ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉండి, నవ్వి, "గిన్ని దినాలకు సమజైంది" అంది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం క్లాసులో ఎన్నడూ కలగలేదు.

అప్పటి నుంచి ఆ దారిన పోయినప్పుడల్లా ఆగేవాణ్ని. ఆమె నన్ను సారూ అనేది, నేను అక్కా అనేవాణ్ని. నా దగ్గర పుస్తకం ఉండేది, ఆమె దగ్గర మోటార్లు ఉండేవి. ఒకరోజు కాలేజీ ల్యాబుకు రమ్మన్నాను. మొదట ఒప్పుకోలేదు. పిల్లల ముందు తానేం మాట్లాడుతుందని భయం. చివరికి ఒక మోటారు ఆటోలో వేసుకుని వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాబోతే, అక్కర్లేదక్కా అని నేనే ఆపాను.

సున్నపు డబ్బా మూత తిరిగేసరికి ఆడపిల్లలు చుట్టూ మూగారు. ఒకమ్మాయి, షాకు కొట్టదా అని అడిగింది. ఎక్కడ చెయ్యి పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుని చూపించింది. అక్కడితో అక్క భయమూ పోయింది. గంటసేపు మాట్లాడింది.

పిల్లలు వెళ్లాక నేను ఒక రాగి పైపు, ఒక అయస్కాంతపు బిళ్ల తెచ్చి చూపించాను. పైపు నిలువుగా పట్టుకుని బిళ్లను లోపల వదిలితే, అది రాయిలా కింద పడదు. నూనెలో దిగుతున్నట్టు మెల్లగా దిగుతుంది. ఆమె ముందు బిళ్లను పైపు బయట ఆనించి చూసింది. అంటుకోలేదు. లోపల వదిలింది. పైనుంచి ఒక కన్ను పెట్టి చూసింది. మళ్లీ వదిలింది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు వదిలిందో చెప్పలేను.

"అంటుకోదు. గని పోనియ్యదు" అంది.

దిగుతున్న అయస్కాంతం పైపు చుట్టూ రాగిలో కరెంటు పుట్టిస్తుందని, ఆ కరెంటే దాన్ని ఆపుతోందని చెప్పాను. ఆమె పైపును చేతిలో తిప్పుతూ, దీన్ని నిలువునా చీరితే ఏమవుతుందని అడిగింది. కరెంటు చుట్టూ తిరగడానికి దారి తెగిపోతుంది, అప్పుడు బిళ్ల తొందరగా పడుతుంది అన్నాను. వెంటనే తను తెచ్చిన మోటారు వైపు చూసింది. మోటారులో ఇనుము ఒకే ముద్దగా ఉండదు. పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య వార్నిష్ పూసి ఉంటుంది. అది ఇందుకేనా అని అడిగింది. ఇనుములో ఊరికే కరెంటు తిరిగి వేడెక్కకుండా దారులు తెంపడానికేనా? మాడి రేకులు ఒకదానికొకటి అతుక్కున్న మోటారు ఎంత బాగా చుట్టినా ఎందుకు కాగిపోతుందో పదేళ్లుగా అర్థం కాలేదట.

అవునక్కా అన్నాను. ఆ రేకుల సంగతి నేను ఎన్నో ఏళ్లు చెప్పాను. ఒక్క రేకును చేత్తో పట్టుకున్నది లేదు.

ఇంతవరకే అయితే ఈ కథ సంతోషంగా చెప్పుకోవచ్చు.

ఆ ఏడాది ల్యాబు స్టోరు ఖాళీ చేయమన్నారు. మూలన మనిషి నడుమెత్తున్న పాత స్టెబిలైజరు ఉండేది. ఎప్పుడో పాడైపోయింది. దాని లోపల కాగితం చుట్టిన రాగి పట్టీ ఉంది. పాత సామాను తీసేయాలంటే రిజిస్టరులో రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో, కమిటీ చూసి, వేలం వేయాలి. అదంతా ఎవరు చేస్తారులే అనుకున్నాను. రాగి ఆమెకు పనికొస్తుందనిపించింది. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. విప్పించి ఆటోలో వేసి షెడ్డుకు తీసుకెళ్లాను.

ఆమె పట్టీని చూసి, కాగితం రాగి మోటార్లకు వాడరని, అయితే వెల్డింగు మిషన్ చుట్టడానికి మంచిగా పనికొస్తుందని చెప్పింది. తర్వాత, "ఒక చిట్టి రాసియ్యుండ్రి సారూ. కాలేజిది అని" అంది.

"చిట్టీ ఎందుకక్కా, నేన్లేనా" అన్నాను.

ఆ యాసంగి పంటప్పుడు పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టడం మొదలైంది. స్తంభం మీద నుంచి దించి, నూనె మళ్లలో పారబోసి, లోపలి రాగి ఎత్తుకుపోయేవారు. కొత్తది వచ్చేదాకా ఆ కింద ఉన్న పొలాలన్నీ ఎండాల్సిందే. పక్కపక్క ఊళ్లలో మూడు పోయాయి. పొట్టకొచ్చిన వరి ఎండిపోతుంటే రైతులు మండిపోయారు. ఆ కోపంలో తప్పు లేదు. పోలీసులు పాత ఇనుము దుకాణాలు, వైండింగు షాపులు వెతకడం మొదలుపెట్టారు.

ఒకరోజు పొద్దున కాలేజీకి పోతుంటే అడ్డరోడ్డు దగ్గర జనం కనిపించారు. షెడ్డు ముందు జీపు ఆగి ఉంది. రోడ్డుకు ఇవతలే బండి ఆపి, ఒక కాలు కింద పెట్టి నిలబడ్డాను. హెల్మెట్ తియ్యలేదు, అద్దం మాత్రం పైకి ఎత్తాను. కాగితం చుట్టిన రాగి పట్టీ చుట్టలు షెడ్డు బయట నేల మీద ఉన్నాయి. ఇవి మోటార్లకు వాడేవి కాదని, ట్రాన్స్‌ఫార్మర్లలో ఇలాంటివే ఉంటాయని గుంపులో ఎవరో చెబుతున్నారు. ఎస్సై గట్టిగా కూడా మాట్లాడలేదు. మర్యాదగానే అడిగాడు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"తెలిసినోళ్లు ఇచ్చిండ్రు సార్."

"తెలిసినోళ్లంటే ఎవరు?"

ఆమె తలెత్తింది. రోడ్డుకు ఇవతల నేను కనిపించాను. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. ప్రశ్న అడిగి నా జవాబు కోసం ఎదురుచూసేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

నేను హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాను.

ఆ తర్వాత బండి ఎలా స్టార్ట్ చేశానో, కాలేజీ దాకా ఎలా వెళ్లానో గుర్తులేదు. చేరాక ఏం చేశానో మాత్రం బాగా గుర్తుంది. ఆ నెలలోనే మమ్మల్ని పర్మినెంటు చేసే ఫైలు కదిలింది. నా మీద ఏ ఆరోపణలూ లేవని, స్టోరు సామాను సరిగ్గా ఉందని ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. స్టాఫ్ రూములో కూర్చుని ఆ కాగితాలే నింపాను. మధ్యాహ్నం దాకా, భోజనం కాగానే వెళ్లి చెబుతాను అనుకున్నాను. సాయంత్రానికి, నోటితో కాదు ఉత్తరం రాసి ఇస్తాను అనుకున్నాను. మర్నాటికి, ఎలాగూ రుజువు లేదు కాబట్టి వాళ్లే వదిలేస్తారు అనుకున్నాను. పద్దెనిమిదేళ్ల కాంట్రాక్టు బతుకు, ఇద్దరు పిల్లలు, మా ఆవిడ మొహం, ఒక్కొక్కటే తెచ్చి నా ముందు పెట్టుకున్నాను. అవేవీ అబద్ధాలు కావు. కానీ నన్ను ఆపింది అవి కాదు. దొంగసొమ్ము ఇచ్చినవాడని నలుగురూ నన్ను వేలెత్తి చూపిస్తారన్న భయం, అంతే.

ఆమెను మూడు రోజులు పొద్దున పిలిపించి, సాయంత్రం దాకా పోలీస్ స్టేషను వరండాలో కూర్చోబెట్టి పంపించారు. నాలుగో రోజు పిలవలేదు. కేసు నిలవలేదు. రాగి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నేను నాలుగు నెలలు ఆ దారి మాని, ఐదు కిలోమీటర్లు ఎక్కువైనా కాలువ గట్టు మీదుగా కాలేజీకి పోయాను.

రైతులు ఎవరూ ఆమెతో గొడవ పెట్టుకోలేదట. రావడం మానేశారు. ఒకతను సగం చుట్టిన మోటారు వెనక్కి అడిగితే, మిగిలిన తీగతో సహా ఇచ్చేసిందట. దొంగ రాగి కొనే ఆమె అన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. వర్షాకాలానికి షెడ్డు మూసి, కూతుర్ని తీసుకుని నిజామాబాద్ వెళ్లిపోయింది. అసలు దొంగలు వేరే జిల్లాలో దొరికారని తర్వాత పేపర్లో చిన్న వార్త వచ్చింది. అది పట్టుకుని ఆమె దగ్గరికి పోయి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. నేనూ పోలేదు.

నా చేతికి ఆర్డరు వచ్చాక వెళ్లాను. అప్పటికి ఏడాదిన్నర. వీధి వీధీ అడుగుతూ వెళ్తే ఒక రేకుల ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, పక్కన కత్తిరించిన తునికాకు. చూసి లేవబోయింది. చాట కింద పెట్టి టీ పెట్టుకొచ్చింది. మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. కూతురు బడికి పోయిందని, పదో తరగతి అని చెప్పింది. నేను వానల గురించి మాట్లాడాను. కాలేజీ గురించి మాట్లాడాను. మా నాన్న మోటారు ఇంకా బాగా నడుస్తోందని కూడా చెప్పాను.

"మీ నౌకరి పక్కా అయిందట గదా సారూ."

"అయిందక్కా."

"మంచిగైంది" అంది. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది.

అక్కా, ఆ రోజు అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆమె ఆకులో పొగాకు సర్ది, చుట్టి, దారం వేసి, ఆ బీడీ పక్కన పెట్టాక మాట్లాడింది.

"మీ పేరు నేనెందుకు చెప్పలే అంటరా? మీ నౌకరి పోతదని కాదు. గంత మంచిదాన్ని గాదు నేను. మీరే వచ్చి చెప్తరనుకున్న. నేను చెప్తే తప్పించుకునే మాటైతుండె. మీరు చెప్తే సాక్ష్యమైతుండె. మూడు దినాలు గేటు దిక్కే చూసిన సారూ."

 నేను వచ్చి అడ్డరోడ్డు మీద అందరికీ చెబుతానక్కా అన్నాను.

"ఎప్పుడు?" అంది.

తొందర్లోనే అన్నాను. ఆమె తల ఊపి, టీ చల్లారిపోతోంది తాగమంది. నమ్మిందో లేదో తెలియదు. ఆ తర్వాత నేను వెళ్లనూ లేదు, చెప్పనూ లేదు. షెడ్డు మూతపడింది, ఇంకెవరికి చెప్పాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆరేళ్లు గడిచాయి. మోటార్ల పాఠం వచ్చినప్పుడల్లా వేరే లెక్చరర్‌ని ఆ చాప్టరు చెప్పమని అడిగి, నేను కాంతి పాఠం తీసుకునేవాణ్ని.

ఆమె చావు వార్త విన్న వారం తర్వాత నా మోటారు తెచ్చుకోవడానికి మళ్లీ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. నిలబడే చెప్పాను. ఆ రాగి నేనిచ్చింది, కాలేజీ స్టెబిలైజరుది, ఆమె తప్పు ఏమీ లేదు అని.  ఆయన తిడతాడని, కనీసం ఆశ్చర్యపోతాడని అనుకున్నాను.

"ఎరికే సారూ" అన్నాడు. "మీరు ఆటోల తెచ్చిన్నాడు దించింది నేనే గదా."

నాకు అది గుర్తే లేదు. మరి నువ్వెందుకు చెప్పలేదన్నా అని అడిగాను. ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"ఆ పొద్దుగాల మీరు రోడ్డవతల నిలబడ్డది గూడ చూసిన. ఇచ్చినాయనే సప్పుడు చెయ్యకుంట పోతుంటే నేనేమనుకోవాలె? ఇదొక్కటే గాదు, ఇంకేదో గూడ కొన్నదేమో, సారుకు ఎరికున్నదేమో అనుకున్న. గందుకే నోరు మూసుకున్న."

నేను మాట్లాడకపోవడం ఆమెను కాపాడలేదంతే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. అది ఆమె మీద నేరం మోపిందని ఆ రోజు తెలిసింది.

మేస్త్రీ ఇంకొక మాట చెప్పాడు. కూతురు ఇప్పటికీ తల్లి దొంగల దగ్గర రాగి కొన్నదనే అనుకుంటోందట. ఎక్కడిదని ఆ పిల్ల ఎన్నిసార్లు అడిగినా ఆమె తెలిసినోళ్లు అని తప్ప చెప్పలేదట. బడిలో తోటి పిల్లలు అన్న మాటలకు ఆ పిల్ల తల్లితో మాట్లాడడం తగ్గించేసిందట. చావు దగ్గర కూడా, ఎవరిని దాచిందో చెప్పకుండానే పోయింది అని ఏడ్చిందట.

ఆదివారం పొద్దున నిజామాబాద్ వెళ్లాను. కూతురు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తోంది. సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉంది. తల్లిలాగే సన్నటి పొడుగాటి వేళ్లు. అమ్మ దగ్గర మోటార్లు చుట్టించుకునేవాళ్లా అని అడిగి, కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. స్టెబిలైజరు దగ్గర నుంచి హెల్మెట్ అద్దం దాకా ఏదీ వదలకుండా చెప్పాను. గేటు వైపు చూసిన మూడు రోజుల సంగతీ చెప్పాను. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

అంతా విని, "అమ్మ మిమ్మల్ని చూసిందా?" అంది.

"చూసిందమ్మా."

"మీరున్నరని ఎరికుండి గూడ చెప్పలేదా?"

"చెప్పలేదు. నేనే చెప్పాలని చూసింది."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. క్షమించమని అడగాలనుకుని వచ్చాను కానీ, ఆ మొహం చూశాక ఆ మాట నోటికి రాలేదు. "ఏడేండ్లు నేను అమ్మతోని కూసొని తిన్నది లేదు" అంది, నాతో కాదన్నట్టు. కాసేపటికి లేచి ఫోను తీసింది. ఎవరికో చేసి, మామా, ఒకాయన వచ్చిండు, ఆయన చెప్పేది విను అని, స్పీకరు పెట్టి నా ముందు పట్టుకుంది.

నేను మళ్లీ చెప్పాను.  ఆమె ఫోను పెట్టేసి, వెంటనే పెద్దమ్మకు చేసింది. తర్వాత అడ్డరోడ్డు మీద ఎరువుల దుకాణం ఆయనకు. తర్వాత అడ్డరోడ్డులో ఉన్నప్పుడు బడిలో తన పక్కన కూర్చున్న స్నేహితురాలికి. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పించింది. ఒకచోట నేను తొందరగా ముగించబోతే చెయ్యి అడ్డం పెట్టి, అద్దం సంగతి చెప్పలేదు అని గుర్తుచేసింది. నా గొంతు ఎండిపోతే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

మధ్యాహ్నం దాటింది. ఆమె ఇంకో నంబరు వెతుకుతోంది.

"ఈసారి మీ పేరు గూడ చెప్పుండ్రి" అంది.

అవతల ఎవరో ఎత్తి హలో అన్నారు. నేను నా పేరు, మా తండ్రి పేరు, మా ఊరు చెప్పి, మొదలుపెట్టాను.